పల్లేరు: బాటలో ముల్లు, సీసాలో మందు

విశ్వాసానికి అనేక శాఖలున్నాయనీ, బాటలో బాధ కలిగించే వస్తువును తొలగించడం వాటిలో కడపటిదనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. దారికి అడ్డుగా ఉన్న ముళ్ళకొమ్మను తీసివేసిన ఒక వ్యక్తి ఆ పని కారణంగానే దైవక్షమాపణకు పాత్రుడైన వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. కాలిలో ముల్లు గుచ్చుకొన్నా, దానికి బదులుగా విశ్వాసి పాపాలు కొన్ని తుడిచివేయబడతాయన్న శుభవార్త కూడా ఆయన వినిపించినదే. కృష్ణా డెల్టాలోని పల్లెకుటుంబాలకు ముల్లు అనగానే మొదట మనసులో మెదిలేది పల్లేరు. ఆ ముల్లే మందుల అంగడిలో సీసాలోకి చేరి, మూత్రబాధలకు హోమియో ఔషధంగా అమ్ముడవుతున్నది. ఈ నెల మన శీర్షికలో దానిని గురించి తెలుసుకుందాం.

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఏర్పడిన నేలే దివిసీమ. దాని దక్షిణపు కొసన ఉన్నది కోడూరు మండలం. అక్కడి హంసలదీవి వద్ద నది సాగరంలో కలుస్తుంది. వరిపొలాల నల్లనేల ఒకవైపు, తీరపు ఇసుకనేల మరొకవైపు ఉన్న ఇటువంటి సీమలో పల్లేరు పెరగడానికి ప్రత్యేకంగా ఎవరూ విత్తనం వేయనక్కరలేదు. గట్ల మీద, బాట పక్కన, ఖాళీ స్థలాలలో అది తనంతట తానే నేలకు అంటుకొని పరచుకొంటుంది. చింతాకును పోలిన చిన్న చిన్న ఆకులు జంటలుగా ఉంటాయి. పసుపుపచ్చని పువ్వుకు ఐదు రేకులు. కాయ ఎండినప్పుడు ఐదు చెక్కలుగా విడిపోతుంది. ప్రతి చెక్కకూ గట్టి ముళ్ళుంటాయి. ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే చూస్తూ ఉంటుంది. గుర్రాల కాళ్ళకు అడ్డంగా పూర్వం యుద్ధభూమిలో చల్లిన ఇనుప ముళ్ళకు గ్రీకులు పెట్టిన పేరే ఈ మొక్కకు శాస్త్రనామమై ‘ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్’గా నిలిచింది. సంస్కృతంలో గోక్షురం. మన ఇళ్ళలో పెద్దలు పలికే గోఖ్రూ ఆ మాటకు మారిన రూపమే. యూనానీ హకీములు దీనిని ఖార్-ఎ-ఖసక్ అంటారు.

ఏనుగు పల్లేరు అనే మరో మొక్క కూడా ఉంది. అది వేరే కుటుంబానికి చెందినది. నిటారుగా, దళసరిగా పెరుగుతుంది. ఆకు ఒంటరిగా, అంచులు వంకరలు తిరిగి ఉంటుంది. కాయకు నాలుగు మూలలా నాలుగు ముళ్ళు. దీని పచ్చి ఆకును, కొమ్మను నీళ్ళలో కలియబెడితే కొద్దిసేపటిలో ఆ నీళ్ళు జిగురుగా మారతాయి. యూనానీలో దీనికి పెద్ద గోఖ్రూ అని పేరు. దీనిని కూడా మూత్రబాధలకే వాడతారు. అయినా రెండూ ఒకటి కావు. అంగడిలో గోఖ్రూ అడిగేటప్పుడు చిన్నదా, పెద్దదా అని తేల్చుకొనడం అవసరం.

మూడు వైద్యాలలో ఒక మొక్క

మూత్రం సాఫీగా జారీ కావడానికి పల్లేరును వాడడం అతి పురాతనమైన అనుభవం. ఆయుర్వేదంలో దశమూలాలలో ఇది ఒకటి. గోక్షురాది గుగ్గులు అనే మందు నేటికీ దాని పేరుతోనే తయారవుతున్నది. ఇబ్నె సీనా (980-1037) తన వైద్య మహాగ్రంథం ‘అల్ ఖానూన్’లో దీనిని హసక్ అనే పేరుతో పేర్కొన్నారు. మూత్రాన్ని జారీ చేసేది, రాయిని కరిగించేది అని యూనానీ గ్రంథాలు దీని గుణాలను వర్ణిస్తాయి. గోల్కొండ ఖుత్బ్‌షాహీల కాలంలో మచిలీపట్నం వారి ప్రధాన ఓడరేవు. పారశీక తీరానికీ, ఎర్రసముద్రానికీ ఇక్కడినుండి ఓడలు సాగేవి. పారశీకుల ఖార్-ఎ-ఖసక్, ఈ సీమ పల్లేరు ఒకే మొక్క కావడం వల్ల ఆ వైద్యానికి కావలసిన సరుకు ఇక్కడి నేలలోనే సిద్ధంగా ఉండేది.

హోమియోపతి వచ్చిన దారి వేరు. జర్మనీకి చెందిన సామ్యూల్ హానిమన్ (1755-1843) ఆ విధానానికి ఆద్యుడు. ఆరోగ్యవంతునిలో ఏ లక్షణాలను పుట్టించే పదార్థమో, అవే లక్షణాలున్న రోగికి దానిని అత్యల్ప మోతాదులో ఇవ్వాలన్నది ఆయన సూత్రం. అమెరికాలో స్థిరపడిన విలియం బోరిక్ (1849-1929) రచించిన ఔషధ గుణదీపిక హోమియో వైద్యుల బల్లలపై నేటికీ కనిపించే పుస్తకం. అందులో పల్లేరుకు ‘ఇక్షుగంధ’ అనే సంస్కృత నామంతో పాటు చోటు దక్కింది. మూత్రం పోయడంలో నొప్పి, ప్రోస్టేటు గ్రంథి వాపు, రాళ్ళ బాధ దాని ప్రయోజనాలుగా అందులో చెప్పబడ్డాయి. మన ప్రాంతానికి హోమియోపతి కొత్తది కాదు. గుడివాడలో 1945లో ప్రారంభమైన హోమియో వైద్య కళాశాల నేడు డాక్టర్ గురురాజు పేరుతో ప్రభుత్వ కళాశాలగా నడుస్తున్నది. కేంద్ర హోమియోపతి పరిశోధన మండలికి చెందిన ప్రాంతీయ సంస్థ కూడా గుడివాడలోనే ఉంది. అందువల్ల దివిసీమ మొదలు గుడివాడ వరకు మన కుటుంబాలలో హోమియో మందు వాడుక విస్తారంగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే పేరు, రెండు మందులు

ఇక్కడ పాఠకులు శ్రద్ధగా గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. హోమియో అంగడిలో పల్లేరు మందు అడిగితే రెండు వేర్వేరు వస్తువులలో ఏదైనా చేతికి రావచ్చు. పేరు మాత్రం ఒకటే.

మొదటిది మదర్ టింక్చర్. మూలికను ఆల్కహాలు కలిసిన ద్రవంలో నానబెట్టి తీసిన సారం అది. సీసాపై ‘క్యూ’ గుర్తు ఉంటుంది. బోరిక్ పల్లేరుకు సూచించినది ఈ రూపమే. 10 నుండి 20 చుక్కలు, రోజుకు మూడుసార్లు అని ఆయన రాశారు. ఇందులో పల్లేరు సారం నిజంగానే ఉంటుంది. హానిమన్ సూత్రం కన్నా మన వైద్యుల పాత అనుభవానికే ఇది దగ్గర. కషాయం చేసే పనినే చుక్కల రూపంలో చేయించే ప్రయత్నం ఇది.

రెండవది పొటెన్సీ మందు. 6 సి, 30 సి, 200 సి అన్న అంకెలు దానిపై ఉంటాయి. ఒక పాలు సారానికి 99 పాళ్ళు ద్రవం కలిపి కుదిపితే 1 సి. అందులో ఒక పాలు తీసి మళ్ళీ 99 పాళ్ళలో కలిపితే 2 సి. ఈ విధంగా 12 సార్లు చేసేసరికి అసలు సారం ఒకటి పక్కన 24 సున్నాలు పెట్టినన్ని పాళ్ళలో ఒక్క పాలవుతుంది. ఆ దశ దాటిన తరువాత మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగలడం అరుదని రసాయనశాస్త్రం లెక్క చెబుతుంది. 30 సి సీసాలో పేరుకు పల్లేరు ఉన్నా, పదార్థంగా పల్లేరు లేదు. అయినా ఔషధశక్తి నిలిచే ఉంటుందని హోమియో వైద్యులు విశ్వసిస్తారు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి మాత్రం లభ్యమైన అధ్యయనాలన్నింటినీ పరిశీలించి, హోమియోపతి ఫలప్రదమనేందుకు నమ్మదగిన ఆధారం ఏ వ్యాధి విషయంలోనూ లేదని 2015లో ప్రకటించింది. హోమియోపతి భారత ప్రభుత్వం గుర్తించిన వైద్య విధానం. దానిని ఎంచుకొనే స్వేచ్ఛ అందరికీ ఉంది. అయితే తాము తీసుకొంటున్నది ఈ రెండింటిలో ఏదో తెలుసుకొనే బాధ్యత కూడా వారిపై ఉంది.

ఆల్కహాలు విషయం

మదర్ టింక్చరులో గణనీయమైన భాగం ఆల్కహాలే. మద్యం ఔషధం కాదు, అది స్వయంగా ఒక వ్యాధి అన్న భావం గల ప్రవక్త ప్రవచనం సహీహ్ ముస్లింలో ఉంది. అందువల్ల ఈ మందు విషయంలో మన సోదర సోదరీమణులు కలత చెందడం సహజం. ధర్మపండితులలో ఈ అంశంపై భేదాభిప్రాయం ఉంది. ద్రాక్ష, ఖర్జూరాల నుండి తీసిన మద్యానికీ, ఇతర పదార్థాల నుండి తీసిన ఆల్కహాలుకూ తేడా పాటించి, మందులో కలిసిన అల్ప మోతాదును కొందరు అనుమతిస్తారు. ప్రత్యామ్నాయం ఉన్నంతవరకు దానికి దూరంగా ఉండాలని మరికొందరు చెబుతారు. తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. ఎవరి సందేహాన్ని వారు తాము నమ్మిన ఆలిమ్ ముందుంచవలసిందే. మేము గుర్తు చేయదలచినది ఒక్కటే. పల్లేరు విషయంలో ప్రత్యామ్నాయం ఉంది. నీటితో కాచిన కషాయం, యూనానీ లేదా ఆయుర్వేద చూర్ణం, హోమియోలోనే పాలచక్కెరతో నూరి చేసే బిళ్ళలు ఆల్కహాలు చుక్కల అవసరాన్ని తప్పిస్తాయి. వైద్యుని వద్ద ఆ మాట ముందుగానే చెబితే ఆయనకు కూడా సౌకర్యం.

మూత్రబాధ ఒక్కటి కాదు

మూత్రంలో మంట అన్నది వ్యాధి పేరు కాదు, లక్షణం మాత్రమే. దాని వెనుక నాలుగైదు కారణాలుంటాయి. స్త్రీలలో ఎక్కువగా కనిపించేది సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్. మూత్రమార్గం పొట్టిగా ఉండడం వల్ల వారిలో దాదాపు సగం మందికి జీవితకాలంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. ఎండలో పనిచేసి నీళ్ళు తక్కువగా తాగే వారిలో రాళ్ళు ఏర్పడతాయి. వయసు మళ్ళిన పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి ధార సన్నగిల్లుతుంది. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళవలసి రావడం కొందరిలో మధుమేహానికి తొలి గుర్తు. నొప్పి లేకుండా రక్తం పడడం కొన్నిసార్లు మూత్రాశయ క్యాన్సరుకు సూచన. ఇన్ని కారణాలకు ఒకే మొక్క మందు కావడం సాధ్యమేనా?

పల్లేరు కషాయం తాగిన తరువాత రాయి పడిపోయిందని చెప్పేవారు ఉన్నారు. వారు అబద్ధం చెప్పడం లేదు. అయితే 5 మిల్లీమీటర్లకు లోపు రాళ్ళలో మూడింట రెండు వంతులు ఏ మందూ లేకుండానే వాటంతట అవి బయటకు పోతాయి. కషాయంతో పాటు లోపలికి వెళ్ళిన నీటికి కూడా అందులో పాలు ఉంది. అందుకే ఒకరి అనుభవం మరొకరికి ప్రమాణం కాజాలదు. 10 మిల్లీమీటర్ల రాయి మూత్రనాళానికి అడ్డుపడి ఉండగా నెలల తరబడి చుక్కల మందుతో కాలక్షేపం చేస్తే, నొప్పి తగ్గినట్లే అనిపించినా పైనున్న మూత్రపిండం మెల్లగా చెడిపోతూనే ఉంటుంది. మూత్రపిండాలు చాలావరకు దెబ్బతినేదాకా బయటకు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. శ్రీకాకుళం ఉద్దానంలోనూ, పూర్వపు కృష్ణా జిల్లాలోని ఎ.కొండూరు తండాలలోనూ ప్రజలు అనుభవిస్తున్న వేదన మనకు నేర్పే పాఠం ఇదే. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొంటే తప్ప ఆ సంగతి బయటపడదు.

ప్రకృతిసిద్ధమైనది కనుక హాని చేయదన్న భావన కూడా సరైనది కాదు. దక్షిణాఫ్రికాలో పల్లేరును ఎక్కువగా మేసిన గొర్రెలకు కాలేయం దెబ్బతిని, తల వాచి, చర్మం పసుపురంగుకు తిరిగే వ్యాధి వస్తుంది. ఇరాన్‌లో ఒక యువకుడు మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడకుండా ఉండాలని పల్లేరు నుండి తీసిన అర్కం వంటి నీటిని తాగాడు. ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరిన అతనిలో మూత్రపిండాలు, కాలేయం రెండూ తీవ్రంగా దెబ్బతిన్నట్లు వైద్యులు కనుగొన్నారు. ఈ ఉదంతం 2010లో మూత్రపిండ వ్యాధుల వైద్య పత్రికలో ప్రచురితమైంది. మితంగా వాడే వారందరికీ ఇలా జరుగుతుందని మేము చెప్పడం లేదు. రాయి రాకూడదని తాగిన నీరే మూత్రపిండాన్ని దెబ్బతీయగలదని మాత్రం ఆ ఉదంతం చాటుతున్నది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీనిని వాడరాదు. మధుమేహానికీ, రక్తపోటుకూ మందులు వాడుతున్నవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యునికి తెలియకుండా దీని జోలికి పోరాదు. పురుగుమందులు కొట్టిన పొలం గట్ల మీది పల్లేరును ఏరి కషాయం కాచుకొనడం ఎవరికీ క్షేమం కాదు.

సిగ్గు, శుద్ధి, వైద్యం

మూత్రబాధను మన కుటుంబాలు ఎక్కువకాలం దాచిపెట్టడానికి ముఖ్య కారణం సిగ్గు. తల్లి కుమారునితో చెప్పదు, కోడలు అత్తతో చెప్పదు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా తెప్పించుకొనగల చిన్న సీసా వైపు మనసు మొగ్గడం అందువల్లనే. హయా విశ్వాసంలో భాగమన్నది నిజం. అయితే సిగ్గు తమను ధర్మజ్ఞానం పొందకుండా అడ్డుకోలేదని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) ప్రశంసించిన సంగతి కూడా మనం మరువరాదు. ఆ స్త్రీలు శుద్ధికి సంబంధించిన సున్నితమైన ప్రశ్నలను నేరుగా దైవప్రవక్త (సఅసం) వద్దే అడిగి తెలుసుకొన్నారు. మస్జిదె నబవీలో అడగదగిన ప్రశ్న ఆసుపత్రిలో అడగరానిది ఎలా అవుతుంది?

మరో ఇబ్బంది కూడా ఉంది. మూత్రపు తుంపరల విషయంలో అజాగ్రత్తగా ఉన్నవానికి సమాధిలో శిక్ష పడుతున్నదని హెచ్చరించే హదీసు మనందరికీ తెలిసినదే. చుక్కలు ఆగని వృద్ధులు ఆ హెచ్చరికను తలచుకొని కుమిలిపోతారు. కొందరు మస్జిదుకు రావడమే మానుకొంటారు. మరికొందరు వుజూ నిలవాలని నీళ్ళు తాగడం తగ్గిస్తారు. పొలాలలో, రొయ్యల చెరువుల వద్ద పనిచేసే స్త్రీలు మరుగుదొడ్డి లేక ఉదయం నుండి సాయంత్రం వరకు దాహాన్ని అణచుకొంటారు. నీళ్ళు తగ్గించడం వల్ల చుక్కలు ఆగవు. ఇన్‌ఫెక్షనుకూ, రాళ్ళకూ దారి ఏర్పడుతుంది.

అజాగ్రత్త వేరు, అనారోగ్యం వేరు. రక్తస్రావం ఆగని ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తన బాధను విన్నవించుకొన్నప్పుడు, ప్రతి నమాజుకూ వుజూ చేసి నమాజు ఆచరించవలసిందని ఆమెకు ఆదేశం లభించింది. దాని ఆధారంగానే హనఫీ ధర్మశాస్త్రం మాజూర్ నియమాన్ని వివరించింది. ఒక నమాజు వేళ మొత్తం మీద వుజూతో ఫర్జ్ నమాజు ముగించేటంత విరామం కూడా దొరకకుండా చుక్కలు పడుతూ ఉంటే, ఆ వ్యక్తి మాజూర్ అవుతాడు. ప్రతి వేళకూ కొత్తగా వుజూ చేసుకొని, ఆ వేళ ముగిసేవరకు నిశ్చింతగా నమాజు చేసుకొనవచ్చు. చుక్కలు పడినంత మాత్రాన అతని వుజూ పోదు. కనుక వ్యాధి ఉన్నవారు నమాజుకు దూరం కానక్కరలేదు, నీటికి దూరం కానక్కరలేదు. వ్యాధిగ్రస్తునికి ఉపవాసం నుండి దివ్య ఖుర్ఆన్ మినహాయింపు ఇచ్చిన సంగతి కూడా మూత్రపిండాల రోగులు గుర్తుంచుకొని, రమజానుకు ముందే వైద్యుని సంప్రదించాలి.

ఏమి చేయాలి?

మూత్రంలో మంట మొదలైనప్పుడు మొట్టమొదట కావలసినది మూత్ర పరీక్ష. ఖర్చు స్వల్పం. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగవచ్చు. స్కానింగు, క్రియాటినిన్ పరీక్ష అవసరమైతే దివిసీమ వారికి మచిలీపట్నం ప్రభుత్వాసుపత్రి ఉంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. ఆ తరువాత యూనానీయా, హోమియోనా, అల్లోపతియా అన్నది రోగి ఇష్టం. గుడివాడ హోమియో వైద్యుని వద్దకు వెళ్ళినా ఆ పరీక్షల కాగితాలు వెంట తీసుకువెళ్ళాలి. బాధ్యత ఎరిగిన వైద్యుడు ఎవరైనా వాటిని చూడకుండా మందు ఇవ్వడు. వైద్యం తెలియనివాడు వైద్యం చేసి హాని కలిగిస్తే ఆ నష్టానికి అతడే బాధ్యుడన్న ప్రవక్త బోధ అబూదావూద్‌లో ఉంది. పక్కింటివారికి మందు సూచించేముందు మనలో ప్రతి ఒక్కరూ ఆ బోధను స్మరించుకొనాలి.

చలితో కూడిన జ్వరం, నడుము పక్కన తీవ్రమైన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా బంధించడం, ముఖం లేదా పాదాల వాపు కనిపించినా, గర్భిణికి మంట మొదలైనా పల్లేరు మాట పక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి చేరాలి. రాళ్ళు ఒకసారి వచ్చినవారు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం జారీ అయ్యేటన్ని నీళ్ళు తాగడం మంచిదని వైద్యులు చెబుతారు. మన ఎండలలో దానికి సుమారు మూడు లీటర్లు, పొలం పనిలో ఇంకా ఎక్కువ కావలసి ఉంటుంది. గుండె జబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం నీటి కొలతను వైద్యునినే అడగాలి.

దైవదాసులారా! చికిత్స చేయించుకొనండి, వార్ధక్యం తప్ప మందు లేని వ్యాధిని అల్లాహ్ దించలేదన్న భావాన్ని దైవప్రవక్త (సఅసం) ఎడారి వాసులకు బోధించారు. వ్యాధి ఏదో తెలిసినప్పుడే దానికి తగిన మందు వెదకడం సాధ్యమవుతుంది. పల్లేరును సృష్టించినవాడు అల్లాహ్‌యే. ఆ మొక్కను పరిశీలించే బుద్ధినీ, పరీక్షించే జ్ఞానాన్నీ ప్రసాదించినవాడు కూడా ఆయనే. వాటిలో ఒకదానిని స్వీకరించి మరొకదానిని తోసిపుచ్చడం కృతజ్ఞత అనిపించుకోదు. రోగి నోరు విప్పి తన బాధను చెప్పుకొనేందుకు అడ్డుపడే సంకోచం కూడా బాటలోని ముల్లు వంటిదే. ఇంటిలోని ఇతరులు ప్రేమతో దానిని తొలగించాలి. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.